తలలో ఒక సిస్టు, ఒక కణితి: అరాక్నాయిడ్ సిస్ట్‌తో పాటు ఒలిగోడెండ్రోగ్లియోమా ఉన్నవారి ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా వారికి 38వ ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఆయన తలలో ఒకటి కాదు, రెండు ఉన్నాయని తేలడానికి ఆ తర్వాత 14 నెలలు పట్టింది. ఒకటి పుట్టుకతో వచ్చిన నీటితిత్తి. దాన్ని అరాక్నాయిడ్ సిస్ట్ అంటారు. దానివల్ల ఆయనకు ఏ హానీ లేదు. రెండోది ఒలిగోడెండ్రోగ్లియోమా అనే అరుదైన మెదడు కణితి. ఆ 14 నెలలూ మేం మొదటిదాన్ని తలుచుకుని భయపడ్డాం, రెండోది ఉందనే తెలియదు.

ఇలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకుని మాకు ఫోన్ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు అడిగినవి, మేం డాక్టర్లను అడిగినవి, అప్పట్లో అడగడం తెలియక వదిలేసినవి ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను. మీ మనిషిని, మీ స్కాన్‌ని చూసిన డాక్టరు మాటే మీకు ముందు.

సిస్టే ముదిరి కణితిగా మారిందా?

లేదు. అందరూ మొదట అడిగేది ఇదే, మేమూ ఇదే అడిగాం.

మెదడును మూడు పొరలు కప్పి ఉంచుతాయి. మధ్య పొర సాలెగూడులా సన్నగా ఉంటుంది, దాని పేరే అరాక్నాయిడ్. బిడ్డ కడుపులో పెరుగుతున్నప్పుడు ఆ పొర ఒకచోట రెండుగా విడిపోతే, ఆ సందులో మెదడు చుట్టూ తిరిగే నీరు (డాక్టర్లు సీఎస్‌ఎఫ్ అంటారు) చేరి తిత్తిలా నిలుస్తుంది. అందులో ఉండేది నీరే. అది మెదడు బయట ఉంటుంది.

ఒలిగోడెండ్రోగ్లియోమా మెదడు లోపల, మెదడు పదార్థంలోనే పుడుతుంది. నరాల తీగలకు పైపూత పూసే ఒలిగోడెండ్రోసైట్లు అనే కణాలను పోలిన కణాలతో తయారవుతుంది. ఒకటి గోడకు వేసిన సున్నంలో లేచిన బుడగ, రెండోది ద్వారబంధం కలపలో పట్టిన చెద. బుడగ చెదగా మారదు.

ఒక్క జాగ్రత్త. కొన్ని కణితుల లోపల కూడా నీరు చేరి తిత్తులు ఏర్పడతాయి. అవి కణితిలో భాగమే, అరాక్నాయిడ్ సిస్ట్ కాదు. రిపోర్టులో "సిస్టిక్" అన్న మాట కనిపిస్తే అది దేని గురించి రాశారో అడిగి తెలుసుకోండి.

మరి రెండూ ఒకే మనిషికి ఎందుకు వచ్చాయి?

చాలావరకు కాకతాళీయమే. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు 48 వేల మందికి పైగా పెద్దల ఎంఆర్‌ఐలు పరిశీలిస్తే, దాదాపు 1.4 శాతం మందిలో అరాక్నాయిడ్ సిస్టులు కనిపించాయి. అంటే పెద్ద కల్యాణ మండపంలో భోజనాలకు కూర్చున్నవాళ్లలో పదిమందికైనా ఉంటుంది, వాళ్లకు తెలియదు. అంత మామూలు విషయం. కాబట్టి ఏ వందమంది కణితి రోగుల తలలు స్కాన్ చేసినా ఒకరిద్దరిలో ఈ తిత్తి బయటపడుతుంది. రెండూ కలిసి కనిపించిన మనుషుల గురించి వైద్య పత్రికల్లో అక్కడొకటి ఇక్కడొకటి వ్యాసాలు ఉన్నాయి. సిస్ట్ వల్ల కణితి పుడుతుందని మాత్రం రుజువు లేదు.

మా అత్తయ్య ఈ ప్రశ్నను ఇంకోలా అడిగింది. పుట్టుకతో వచ్చిన తిత్తి అని డాక్టరు అనగానే, ఆ రాత్రి వంటింట్లో నన్ను పక్కకు పిలిచి, "వాడు కడుపులో ఉన్నప్పుడు నేనేమైనా తినకూడనిది తిన్నానేమో అమ్మా" అంది. డెబ్భై ఏళ్ల మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ల కిందటి తిండిని గుర్తు చేసుకుంటోంది. మీ ఇంట్లోనూ తల్లి ఉంటుంది. ఆమె అడగకపోయినా మీరే చెప్పండి: తల్లి తిన్నదానివల్లో, చూసిన గ్రహణం వల్లో ఈ తిత్తి రాదు. కణితి అసలు పుట్టుకతో వచ్చింది కాదు.

మొదట సిస్ట్ ఒక్కటే ఉందన్నారు. కణితి అంత ఆలస్యంగా ఎలా తెలిసింది?

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే.

మొదటి ఫిట్స్ రాత్రి దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలియడానికి నరంలోకి ఎక్కించే మందు) లేకుండా సీటీ స్కాన్ తీశారు. ఎడమ కణత దగ్గర, టెంపోరల్ భాగం ముందు, కోడిగుడ్డంత నల్లటి తిత్తి. ఫిల్ము పైకెత్తి పట్టుకుంటే నాకే కనిపించింది. "ఇది పుట్టుకతో వచ్చినది, దీనివల్లే ఫిట్స్ వచ్చి ఉంటాయి, మాత్రలు వాడండి" అన్నారు. అదే రిపోర్టులో కిందెక్కడో, కుడివైపు ముందు భాగంలో చిన్న కాల్సిఫికేషన్ అని అర లైను ఉంది. సున్నం పేరుకున్న తెల్ల చుక్క. దాని గురించి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కళ్లన్నీ ఆ నల్లటి తిత్తి మీదే ఉన్నాయి.

ఏడాది దాటాక రెండోసారి ఫిట్స్ వచ్చినప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో వీడియో తీశాడు. న్యూరాలజిస్టు దగ్గర కూర్చున్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ముందు ఏ చెయ్యి కొట్టుకుంది?" వీడియో చూపించాం. ఎడమ చేతి వేళ్లు, తర్వాత ఎడమవైపు మూతి, ఆ తర్వాత ఒళ్లంతా. ఆయన పాత సీటీని లైటు పెట్టె మీద పెట్టి నెమ్మదిగా చెప్పారు: "ఎడమ చేతిని నడిపేది కుడి మెదడు. మీ సిస్ట్ ఎడమవైపు ఉంది. ఇది దాని పని కాదమ్మా." వారంలో ఎంఆర్‌ఐ తీశారు. కుడి ఫ్రంటల్ భాగంలో (నుదుటి వెనకుండే ముందు భాగం), సరిగ్గా ఆ సున్నపు చుక్క చుట్టూ, కణితి.

ఒలిగోడెండ్రోగ్లియోమాల్లో ఇలా సున్నం పేరుకోవడం తరచుగా కనిపిస్తుంది, ఫ్రంటల్ భాగం దాని మామూలు చోటు, ఫిట్స్ దాని మామూలు మొదటి లక్షణం. ఇవన్నీ ఆ తర్వాత తెలుసుకున్నాను. అందుకే మీకు చెప్పేది ఒకటే: స్కాన్‌లో పెద్దగా కనిపించేదే జబ్బుకు కారణం కానక్కర్లేదు. రిపోర్టులో ఎన్ని విషయాలు రాశారో లెక్కపెట్టండి, ఒక్కోదాని గురించీ విడిగా అడగండి. ఈ లక్షణానికి ఈ చోటు సరిపోతుందా అని అడగండి. ఫిట్స్ వచ్చినప్పుడు ఇంకో మనిషి ఉంటే వీడియో తీయమనండి. అది చూపించడానికి సిగ్గుపడకండి.

మా ఊళ్లో సిస్ట్ అంటే పురుగు అంటున్నారు. అదేనా ఇది?

కాదు. మన దేశంలో ఫిట్స్ వచ్చినవాళ్ల స్కాన్‌లో "సిస్ట్" అంటే డాక్టర్లు ముందు ఆలోచించేవాటిలో ఒకటి న్యూరోసిస్టిసర్కోసిస్. పంది బద్దెపురుగు గుడ్లు కలిసిన నీళ్ల ద్వారా, కడగని కూరగాయల ద్వారా కడుపులోకి వెళ్లి, ఆ పిల్లపురుగు మెదడు చేరి కట్టుకునే చిన్న బుడగ అది. "క్యాబేజీ పురుగు తలలోకి పోయింది" అని జనం చెప్పుకునేది దీని గురించే. క్యాబేజీలో కనిపించే పచ్చపురుగుకీ దీనికీ సంబంధం లేదు. దానికి ఆల్బెండజోల్ లాంటి మందులు ఉన్నాయి. అరాక్నాయిడ్ సిస్ట్‌కి ఆ మందులు అక్కర్లేదు. మా చుట్టాల్లో ఒకాయన నులిపురుగుల మాత్రలు తెచ్చి మరీ ఇచ్చాడు, ప్రేమతోనే. వేయలేదు.

ఎంఆర్‌ఐ రిపోర్టులో ఏ మాటలు చూసుకోవాలి?

అరాక్నాయిడ్ సిస్ట్ అయితే అన్ని రకాల చిత్రాల్లోనూ మెదడు నీటిలాగే కనిపిస్తుంది. ఫ్లెయిర్ అనే చిత్రంలో నల్లగా ఉంటుంది, డిఫ్యూజన్ చిత్రంలో వెలగదు, కాంట్రాస్ట్ పట్టదు. ఇలాగే కనిపించే ఎపిడర్మాయిడ్ అనే ఇంకో తిత్తి డిఫ్యూజన్‌లో తెల్లగా వెలుగుతుంది, అక్కడ తేడా దొరుకుతుంది. కణత దగ్గరి సిస్టులకు "గలాసీ టైప్ 1, 2, 3" అని రాస్తారు. గలాసీ అనే డాక్టరు 1982లో ప్రకటించిన కొలమానం అది, 1 అంటే చిన్నది. దాన్ని క్యాన్సర్ గ్రేడ్ అనుకుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. రెండింటికీ పోలిక లేదు.

కణితి వైపు చూస్తే, ఫ్లెయిర్‌లో తెల్లగా కనిపిస్తుంది. గ్రేడ్ 2 కణితులు చాలాసార్లు కాంట్రాస్ట్ పట్టవు. "కాంట్రాస్ట్ పట్టలేదు కాబట్టి కణితి కాదు" అని ఎవరైనా ధైర్యం చెబితే అక్కడితో ఆగకండి.

ఒలిగోడెండ్రోగ్లియోమా అంటే క్యాన్సరేనా?

అవును. ఈ మాటను ఇంట్లో దాచడం వల్ల ఏమీ ఒరగదు. కానీ అన్ని మెదడు కణితులూ ఒకటి కాదు. జనం విని భయపడే గ్లియోబ్లాస్టోమాకీ దీనికీ చాలా దూరం. ఇది సాధారణంగా మెల్లగా పెరుగుతుంది, రేడియేషన్‌కీ కీమోకీ బాగా లొంగుతుంది, చాలామందిని ఏళ్ల తరబడి మామూలుగా బతకనిస్తుంది. అలాగని పూర్తిగా వదిలిపోదు. మెదడులోకి సన్నటి వేళ్లలా పాకుతుంది కాబట్టి కంటికి కనిపించినంతా తీసినా కొన్ని కణాలు మిగులుతాయి.

ఇందులో గ్రేడ్ 2, గ్రేడ్ 3 మాత్రమే ఉంటాయి. 1 లేదు, 4 లేదు. పాత రిపోర్టుల్లో "అనాప్లాస్టిక్" అని రాసేవారు, ఇప్పుడు దాన్నే గ్రేడ్ 3 అంటున్నారు. ఎక్కువగా 35 నుంచి 45 ఏళ్ల మధ్య వాళ్లకు వస్తుంది. ఇల్లు నడిపే వయసు, పిల్లలు బడికెళ్లే వయసు.

ముక్క పరీక్షలో (బయాప్సీ) 1పీ/19క్యూ అని రాశారు. ఏమిటది?

మొత్తం చికిత్స దీని మీదే నిలబడుతుంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

పూర్వం మైక్రోస్కోపులో కణాల రూపం చూసి పేరు పెట్టేవారు. ఒలిగో కణాలు అందులో పగలగొట్టి వేసిన గుడ్డులా, చుట్టూ తెలుపు మధ్యలో సొనలా కనిపిస్తాయి. కానీ ఒకే ముక్కను చూసి ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు పెట్టిన సందర్భాలు ఎన్నో. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణను మార్చి, జన్యు పరీక్షలో రెండు గుర్తులు ఉంటేనే దీన్ని ఒలిగోడెండ్రోగ్లియోమా అనాలని నిర్ణయించింది. 2021 వర్గీకరణలోనూ అదే కొనసాగింది. మొదటి గుర్తు ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు. రెండోది, 1వ క్రోమోజోములో పొట్టి భుజం (1పీ), 19వ క్రోమోజోములో పొడుగు భుజం (19క్యూ) రెండూ కలిసి పోవడం. దాన్ని కోడిలీషన్ అంటారు.

"పోవడం" అన్న మాట విని మా వారు బెంబేలెత్తారు. నిజానికి ఇది మంచి కబురు. ఈ రెండూ పోయిన కణితులే మందులకు బాగా లొంగుతాయని 1990లలోనే కెనడా డాక్టర్ కెయిర్న్‌క్రాస్ బృందం చూపించింది. ఐడీహెచ్ మార్పు ఉండి 1పీ/19క్యూ పోకపోతే అది ఆస్ట్రోసైటోమా అనే ఇంకో రకం మెదడు కణితి, దాని దారి వేరు.

ఐడీహెచ్ పరీక్ష ఇప్పుడు చాలాచోట్ల రంగు పరీక్షగానే చేస్తారు. 1పీ/19క్యూకి ఫిష్ (FISH) అనే క్రోమోజోముల పరీక్ష లాంటిది కావాలి, అది అన్ని ల్యాబుల్లో ఉండదు, ముక్కను బయటికి పంపాల్సి రావచ్చు. ఆసుపత్రి నుంచి కణితి ముక్కను ఉంచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకుని భద్రంగా దాచండి. ముంబయి టాటా మెమోరియల్ లాంటి చోటికి రెండో అభిప్రాయానికి పంపాలంటే అవే ఆధారం. బ్లాకులను ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుతుంది.

ఈ పరీక్ష ఫలితం రాకముందే చికిత్స మొదలుపెడదామంటే, ఎందుకని ఒక్కసారి అడగండి.

ఆపరేషన్‌లో సిస్ట్ కూడా తీసేస్తారా? ఒకేసారి అయిపోతుంది కదా.

మా మామయ్య కూడా ఇదే అన్నారు: "ఎలాగూ తల తెరుస్తున్నారు కదా." తల తెరవడమంటే పెట్టె మూత తీసినట్టు కాదు. కణితి కుడివైపు, సిస్ట్ ఎడమవైపు. రెండో వైపు తెరవాలంటే రెండో ఆపరేషనే. ఏ ఇబ్బందీ పెట్టని తిత్తి జోలికి పోకపోవడమే పద్ధతి. నీటి ఒత్తిడి పెరగడం, పిల్లల్లో తల పెద్దదవడం, చూపు తగ్గడం, తిత్తి పక్కన రక్తం చేరడం లాంటివి ఉంటేనే నీరు బయటికి పోయేలా దానికి కిటికీ (చిన్న రంధ్రం) పెట్టడమో, షంట్ (నీటిని మళ్లించే సన్నటి గొట్టం) వేయడమో చేస్తారు. పెద్దవాళ్లలో ఈ తిత్తులు చాలావరకు ఏళ్ల తరబడి ఉన్నంతే ఉంటాయి.

రెండూ ఒకే వైపు, పక్కపక్కన ఉంటే సర్జన్ దారి ఎంచుకోవడంలో తిత్తిని లెక్కలోకి తీసుకుంటారు. అప్పుడు కూడా లక్ష్యం కణితే.

కణితి మాట, కదలిక నడిపే చోటికి దగ్గరగా ఉంటే, రోగిని మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తారు. వినడానికి భయంగా ఉంటుంది. మెదడుకు నొప్పి తెలియదు, చర్మానికి మత్తు ఇస్తారు. గుంటూరులో రోగికి సినిమా చూపిస్తూ ఇలా ఆపరేషన్ చేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. మా వారితో మత్తు డాక్టరు ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటీ కదిలించమంటూ, మధ్యలో ఎక్కాలు చెప్పించారట. పదమూడో ఎక్కం దగ్గర తడబడితే సర్జన్ చెయ్యి ఆపి, "ఇది మెదడు వల్లా, లెక్కలు రాకా?" అని అడిగారట. అది చెప్పి ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

ఆపరేషన్ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టించాలా? కీమో కూడానా?

అందరికీ వెంటనే అక్కర్లేదు. గ్రేడ్ 2 అయి, వయసు 40 లోపు ఉండి, కణితి కనిపించినంతా తీసేయగలిగితే, స్కాన్లతో కనిపెట్టుకుని ఉండొచ్చు. ఐరోపాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, వెంటనే రేడియేషన్ ఇచ్చినవాళ్లలో కణితి తిరిగి పెరగడం ఆలస్యమైంది, కానీ మొత్తం ఆయుష్షులో తేడా రాలేదు. అందుకే ఆగుదామంటే అది నిర్లక్ష్యం కాదు.

వయసు 40 దాటినా, కణితి మిగిలినా, గ్రేడ్ 3 అయినా రేడియేషన్, ఆ తర్వాత కీమో అంటారు. మా వారికి 40 నిండలేదు కానీ చెయ్యి నడిపే చోట కొంత వదిలేయాల్సి వచ్చింది, అందుకని రెండూ తీసుకున్నారు. రేడియేషన్ వారానికి 5 రోజుల చొప్పున దాదాపు 6 వారాలు. ముఖానికి సరిగ్గా అతికేలా ప్లాస్టిక్ మాస్కు చేస్తారు. అందులో ఊపిరాడదని భయపడతారు, ఆడుతుంది.

కీమోలో రెండు దారులు. ఒకటి పీసీవీ: ప్రోకార్బజిన్, లోముస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే మూడు మందులు. రెండోది టెమోజోలోమైడ్ క్యాప్సూళ్లు, తేలిగ్గా పడతాయి. దీర్ఘకాలపు లెక్కలు గట్టిగా ఉన్నది పీసీవీకే. మీ డాక్టరు ఏది ఎంచుకున్నా, ఎందుకని అడిగే హక్కు మీకుంది.

పీసీవీ వాడేటప్పుడు ఇంట్లో ఏం చూసుకోవాలి?

అన్నిటికన్నా ముందు లోముస్టిన్. అది ఒక విడతలో ఒక్క రోజే వేసుకునేది, మళ్లీ సుమారు 6 వారాల తర్వాతే. మామూలు మాత్రల్లా రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. మేం ఆ రోజు వేయాల్సినవి లెక్కపెట్టి వేసి, ఖాళీ షీట్లు ఫైల్లో పెట్టేవాళ్లం. రక్తకణాలు వెంటనే కాదు, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పడిపోతాయి, కాబట్టి మనిషి బాగానే ఉన్నాడని రక్త పరీక్ష మానొద్దు. 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రోకార్బజిన్ వాడే రోజుల్లో తిండి నియమం ఉంది. బాగా ఊరినవి, పులిసినవి, మాగబెట్టిన చీజ్, సోయా సాస్, మద్యం కూడదు. కొన్నిటితో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. జలుబు మాత్రలు కూడా అడగకుండా వేసుకోకూడదు. ఆవకాయ సంగతి నేను డైటీషియన్‌ని విడిగా అడిగాను. ఆ రెండు వారాలూ ఆపమన్నారు. జాడీ పై అరలోకి ఎక్కించి, అప్పటికప్పుడు చేసిన రోటి పచ్చళ్లు పెట్టాను. విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం, వేళ్ల చివర తిమ్మిర్లు వస్తాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే చెప్పాలి, మోతాదు మారుస్తారు.

కొత్త మాత్ర వచ్చిందంటున్నారు. నిజమేనా?

నిజమే. దాని పేరు వోరాసిడెనిబ్. ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడ్ 2 కణితులకు, ఆపరేషన్ లేదా ముక్క పరీక్ష తర్వాత వాడటానికి 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. 331 మందితో చేసిన ఇండిగో పరీక్షలో, మాత్ర వేసుకున్నవాళ్లలో కణితి పెరగకుండా ఉన్న కాలం మధ్యస్థంగా 27.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 11.1 నెలలు. రేడియేషన్‌ను వాయిదా వేయడానికి పనికొస్తుందన్న ఆశ దీనితో కలిగింది. లివర్ పరీక్షలు తరచుగా చేయించాలి. రేడియేషన్, కీమో వెంటనే అవసరమైనవాళ్లకు ఇది ప్రత్యామ్నాయం కాదు. సిస్ట్‌కి దీనితో పని లేదు.

ఎన్నేళ్లు బతుకుతారు?

మీరు అర్ధరాత్రి ఫోన్‌లో వెతికేది ఇదే, నాకు తెలుసు. తెలిసిన లెక్కలు చెబుతాను. 1990లలో మొదలైన అమెరికా పరీక్షల్లో, గ్రేడ్ 3 అయి 1పీ/19క్యూ పోయినవాళ్లు రేడియేషన్, పీసీవీ రెండూ తీసుకున్నప్పుడు మధ్యస్థ ఆయుష్షు 14.7 ఏళ్లు. రేడియేషన్ ఒక్కటే అయితే 7.3. రిస్కు ఎక్కువున్న గ్రేడ్ 2 గ్లియోమాల (ఒలిగో కూడా చేరే మెదడు కణితుల కుటుంబం) మీద చేసిన ఇంకో పరీక్షలో రెండూ తీసుకుంటే 13.3, రేడియేషన్ ఒక్కటే అయితే 7.8. ఇందులో ఒలిగోలతో పాటు ఇతర రకాలూ ఉన్నాయి, విడిగా చూస్తే ఒలిగోలు ఇంకా మెరుగు. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారని. ఇవి పాతికేళ్ల కిందటి స్కాన్లతో, ఆపరేషన్లతో వచ్చిన అంకెలు.

ఈ అంకెల్లో మీ మనిషి ఎక్కడుంటాడో ఏ డాక్టరూ ముందే చెప్పలేడు. మేం అంకెలు తెలుసుకున్నాక ఇంటి అప్పు కాగితాలు, నామినీ పేర్లు ఒక ఆదివారం కూర్చుని సరిచేసుకున్నాం. ఆ తర్వాత మళ్లీ ఆ లెక్కలు తీయలేదు.

ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

చేతిలో తాళాలు పెట్టకండి. ఇనుము పెడితే ఆగిందనుకుంటాం, నిజానికి చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర గుండీ విప్పండి, తల కింద మెత్తటిది పెట్టండి, గడియారం చూడండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు. మా ఇంట్లో మూడోసారి ఫిట్స్ వచ్చింది పెళ్లికి ఊరెళ్లి మాత్రల సంచి మరిచిపోయిన రోజునే.

మనిషి మారిపోయాడు. ఊరికే కోపం వస్తోంది. జబ్బేనా, మందా?

రెండూ కావచ్చు. ఫ్రంటల్ భాగం మనిషి ఓర్పును, చొరవను నడిపేది. ఫిట్స్‌కి ఎక్కువగా ఇచ్చే లెవెటిరాసెటమ్ మాత్ర కొందరిలో చిరాకు, కోపం, దిగులు పెంచుతుంది. మా వారు ఎప్పుడూ గొంతెత్తని మనిషి. పాప హోంవర్కు పుస్తకం విసిరికొట్టిన రోజు నేను బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు, పరువనుకున్నాను. చివరికి చెబితే డాక్టరు మందు మార్చారు, మూడు వారాల్లో తేడా కనిపించింది. ఆరు నెలలు ఆగొద్దు. సొంతంగా మాత్ర మానేయనూ వద్దు.

సెల్‌ఫోన్ వల్ల వచ్చిందా? పిల్లలకూ వస్తుందా?

సెల్‌ఫోన్ వల్ల వస్తుందని తేలలేదు. పిల్లలకు దాదాపుగా రాదు. కణితిలోని ఈ జన్యు మార్పులు ఆ కణితి కణాల్లో పుట్టినవే, రక్తంలో దిగివచ్చేవి కావు.

బండి నడపొచ్చా? తలకు దెబ్బ తగిలితే?

డ్రైవింగ్ లైసెన్సు ఫారం 1లో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. ఫిట్స్ ఉన్న మనిషి బండి నడపకూడదు. మా వారికి ఆపరేషన్ కన్నా బండి తాళాలు ఇచ్చేయడం కష్టమైంది. దెబ్బ విషయానికొస్తే, ఇక్కడ సిస్ట్‌ని గుర్తుంచుకోవాలి. కణత దగ్గరి తిత్తి ఉన్నవాళ్లకు తలకు దెబ్బ తగిలినప్పుడు పక్కన రక్తం చేరడం అరుదుగా జరుగుతుంది. పెరుగుతూ పోయే తలనొప్పి, వాంతులు, మగత ఉంటే వెంటనే స్కాన్. అక్కడి డాక్టరుకు సిస్ట్ ముందునుంచీ ఉందని చెప్పండి, పాత ఫిల్ము ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి.

డబ్బు సంగతి?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మెదడు ఆపరేషన్లు, రేడియేషన్, కీమో ఉన్నాయి. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర (ఈ పథకం పనులు చూసే ఉద్యోగి) దగ్గరికి మొదటి రోజే వెళ్లండి, బిల్లు అయ్యాక కాదు. హైదరాబాదులో నిమ్స్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఖర్చు తట్టుకోలేనివాళ్లకు ఆసరా. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికీ తోడు వెళ్లేవారికీ రైల్వే రాయితీ ఉంది.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే ఒక చిక్కు. రిపోర్టులో "పుట్టుకతో వచ్చిన సిస్ట్" అని చూసి, ఇది పాత జబ్బే కదా అని క్లెయిము ఆపొచ్చు. ఆపరేషన్ కణితికే జరిగిందని, సిస్ట్ వేరే విషయమని డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా రాయమని సర్జన్‌ని అడగండి. మాకు ఆ రెండు లైన్లే పని చేశాయి.

తిరుమల మొక్కుంది. గుండు ఎప్పుడు చేయించొచ్చు?

కుట్లు పూర్తిగా మానాలి, రేడియేషన్ పడిన చర్మం కోలుకోవాలి. కీమో నడుస్తున్నప్పుడు కత్తి గాటు చిన్నదైనా చీము పట్టొచ్చు. మా సర్జన్ కీమో ముగిశాక ఆర్నెల్లు ఆగమన్నారు. ఈలోగా నేను వెళ్లి మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చాను. ఆయన మొక్కు తర్వాత సంవత్సరం తీరింది. మచ్చ దగ్గర నెమ్మదిగా చేయమని కల్యాణకట్టలో చెబితే, ఆ క్షురకుడు నీళ్లతో రెండుసార్లు తడిపి ఎంతో జాగ్రత్తగా చేశాడు.

స్కాన్లు ఎన్నాళ్లు?

జీవితాంతం. మొదట మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి, ఆ పైన డాక్టరు చెప్పినట్టు. వీలైతే ఒకే సెంటర్‌లో, ఒకే రకం మెషీన్‌లో తీయించండి, పాత సీడీలు వెంట తీసుకెళ్లండి. క్రితంసారి స్కాన్‌తోనే కాదు, ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి స్కాన్‌తో కూడా పోల్చమనండి. మెల్లగా పెరిగేది ఆర్నెల్ల తేడాలో కనిపించదు, మూడేళ్ల తేడాలో కనిపిస్తుంది.

మా వారి రిపోర్టుల్లో మొదటి లైను ఎప్పుడూ ఎడమ సిస్ట్ గురించే ఉంటుంది, మార్పు లేదని. నేను ఆ లైను దాటి కుడి ఫ్రంటల్ అన్న మాట ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి చదువుతాను.